స్లో కుక్కర్‌లో మీట్‌లోఫ్: కీమాకు అంత నిదానం అవసరమా?

స్లో కుక్కర్ ముదురు మాంసాన్నీ గట్టి గింజల్నీ లొంగదీయడానికి పుట్టిన పాత్ర. మీట్‌లోఫ్ చూస్తే, అప్పటికే మరలో పడి మెత్తబడ్డ కీమాతో చేసే వంట. ఇంక అందులో లొంగదీయడానికి మిగిలిందేముంది? అయినా అమెరికాలో స్లో కుక్కర్ వంటల పుస్తకాలు చాలావాటిలో మీట్‌లోఫ్‌కు చోటుంటుంది. ఓవెన్ పక్షం వాళ్లు అది చూసి ముఖం చిట్లిస్తారు. గంటలో కాలిపోయేదాన్ని పూటంతా ఉడకబెట్టడమూ ఒక వంటేనా, పైన ఎర్రటి పెచ్చయినా కట్టదు కదా అంటారు. కుక్కర్ పక్షం వాళ్లది ఒకటే జవాబు: పొద్దున పెట్టి వెళ్తే సాయంత్రానికి భోజనం సిద్ధం. వేడి తగిలినప్పుడు మాంసంలో ఏం జరుగుతుందో చూసి, ఆ తర్వాత ఈ రెండు వాదాల్నీ తూచితే నాకు తేలింది ఇది. స్లో కుక్కర్ మీట్‌లోఫ్‌కు పనికొస్తుంది. కాకపోతే అది ఇచ్చే వెసులుబాటు మూడు నాలుగు గంటలే. ఆఫీసుకు వెళ్లి వచ్చేదాకా అన్న హామీ ఈ ఒక్క వంట దగ్గర చెల్లదు.

మీట్‌లోఫ్ తినని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. కీమాలో పాలలో నానిన బ్రెడ్డు, గుడ్డు, ఉల్లిపాయ, ఉప్పు, మిరియాల పొడి కలిపి, ఆ ముద్దను బ్రెడ్డు దిమ్మలా అమర్చి ఓవెన్‌లో కాలుస్తారు. పైన టమాటా కెచప్, బ్రౌన్ షుగర్, వెనిగర్ కలిపిన పూత. కాలిన దిమ్మను వేలెడు మందాన ముక్కలు కోసి, మెదిపిన బంగాళాదుంపతో వడ్డిస్తారు. అమెరికా వాళ్లకు అది పండగ వంట కాదు, మంగళవారం రాత్రి వంట.

మాంసాన్ని కొట్టి నానిన రొట్టెతో కలపడం కొత్తేమీ కాదు. అపీసియస్ పేరుతో నిలిచిన పాత రోమన్ వంటల గ్రంథంలోనే ఆ పద్ధతి ఉంది. జర్మన్లకు హాక్‌బ్రాటెన్ ఉంది. అమెరికాలో మాత్రం 19వ శతాబ్దం చివర్లో కీమా మరలు ఇళ్లకు చేరాక ఇది ఊపందుకుంది. 1930ల మాంద్యంలోనూ, 1943 మార్చిలో మాంసానికి రేషన్ పెట్టినప్పుడూ ఇల్లాళ్లకు అక్కరకొచ్చింది. అరకిలో మాంసం ఆరుగురికి రావాలంటే అందులో రొట్టో, ఓట్సో, బిస్కెట్ల పొడో కలపక తప్పదు. చిత్రమేమిటంటే, పొదుపు కోసం కలిపిన ఆ రొట్టే ఈ వంటకు ప్రాణం. రొట్టెలోని పిండి పాలను పట్టి ఉంచుతుంది, మాంసపు పోగులు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకోకుండా మధ్యలో అడ్డం పడుతుంది. చేతినిండా డబ్బున్న రోజుల్లో కూడా రొట్టె మానేసి ఉత్త మాంసంతో చేసిన మీట్‌లోఫ్ ఇటుకలాగే దిగుతుంది.

ఇక పాత్ర సంగతి. దీన్ని రూపొందించినవాడు ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరు, షికాగోలో ఉండేవాడు. వాళ్ల కుటుంబానికి లిథువేనియాలోని విల్నా ఊరితో సంబంధం. అక్కడ శుక్రవారం పొద్దుగూకి యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు మొదలైతే నిప్పు రాజేయకూడదు. అందుకని మాంసం, గింజలు, దుంపలు వేసిన కుండల్ని ముందే ఊరి రొట్టెల బట్టీకి చేర్చేవాళ్లు. బట్టీలో మిగిలిన సెగకే అవి రాత్రంతా మగ్గేవి. మర్నాటికి చోలెంట్ అనే ఉడుకు కూర తయారయ్యేది. తల్లి చెప్పిన ఈ ముచ్చటే నాక్సన్‌కు ఆలోచన ఇచ్చింది. 1936లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1940లో వచ్చింది. గింజలు ఉడకబెట్టడానికే కాబట్టి తర్వాత దానికి ‘నాక్సన్ బీనరీ’ అని పేరుపెట్టి అమ్మాడు. 1970లో కాన్సస్ సిటీకి చెందిన రైవల్ కంపెనీ అతని వ్యాపారాన్ని కొని, ఆ పాత్రకే కొత్త సొగసు అద్ది 1971లో ‘క్రాక్‌పాట్’ పేరుతో బజారుకు తెచ్చింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు బయల్దేరుతున్న కాలం అది. 1971లో 20 లక్షల డాలర్లున్న అమ్మకాలు 1975కల్లా 9 కోట్ల 30 లక్షల డాలర్లకు చేరాయి. లోపలి పింగాణీ గిన్నెను విడిగా తీసి కడుక్కునే వీలు 1974లో వచ్చింది. మరుసటేడు మేబుల్ హాఫ్‌మన్ రాసిన ‘క్రాకరీ కుకరీ’ పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. ఇక అమెరికా వంటింట్లో ఉన్న ప్రతి వంటనూ ఆ గిన్నెలోకి దించడం మొదలైంది. అలా దిగినవాటిలో మీట్‌లోఫ్ ఒకటి.

నిదానపు సెగ మనకూ తెలియందేం కాదు. మన పల్లెల్లో దాలి గుంటలో పిడకల సెగ మీద పాలకుండ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేది. పాలు ఎర్రగా కాగి, పైన మందంగా మీగడ కట్టేది. అయితే దాలి మీద వంకాయ వేపుడు చేద్దామని ఎవరూ అనుకోలేదు. ఏ సెగకు ఏ వంటో ఇల్లాలికి తెలుసు. క్రాక్‌పాట్ అమ్మినవాళ్లు ఆ తేడాను చెరిపేశారు.

ఆ తేడా ఎక్కడుందో చూద్దాం. మేక పిక్కలోనూ, ఎద్దు మెడలోనూ, పాయాలోనూ కొల్లాజెన్ అనే గట్టి కణజాలం ఎక్కువ. 70 డిగ్రీల సెల్సియస్ దాటిన తడి వేడిలో గంటల తరబడి ఉంటే అది కరిగి జెలటిన్ అవుతుంది. పాయా చల్లారితే గడ్డకట్టేది ఆ జెలటిన్ వల్లే. కండపోగులు ఎంత ఎండిపోయినా వాటి చుట్టూ ఈ జిగురు చేరుతుంది కాబట్టి నమిలితే రసంగా అనిపిస్తుంది. స్లో కుక్కర్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. కీమాకు మాత్రం ఈ పని మర ముందే చేసేసింది. కణజాలాన్ని ఇనుప కత్తే ముక్కలు చేసింది. ఇక వేడి చేయాల్సిన పనులు రెండే: క్రిముల్ని చంపడం, ముద్దను గట్టిపరచడం. మాంసంలోని మైయోసిన్ 50 డిగ్రీల దగ్గరే బిగుసుకోవడం మొదలుపెడుతుంది, యాక్టిన్ 66 నుంచి 73 మధ్య. ఆ రెండోది బిగుసుకున్నాక పోగులు నీటిని బయటికి పిండేస్తాయి. అక్కణ్నుంచి ఎంతసేపు ఉంచితే అంత నష్టం. పిక్క మాంసంలోలా ఆ నష్టాన్ని పూడ్చే జిగురు ఇందులో అంతగా ఉండదు. కొందరు వంటవాళ్లు రుచిలేని జెలటిన్ పొడిని నీళ్లలో నానబెట్టి కీమాలో కలపడం ఈ లోటు తీర్చడానికే. పంది, దూడ, ఎద్దు మాంసాలు మూడూ కలిపిన మిశ్రమాన్ని అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మీట్‌లోఫ్ కోసమని విడిగా అమ్ముతారు. దూడ మాంసం అందులో చేసేదీ ఇంచుమించు అదే.

దీంతో ముడిపడిన అపోహ ఇంకొకటి. కుక్కర్ మీద ‘లో’, ‘హై’ అని ఉంటే ఒకటి తక్కువ వేడికి, ఒకటి ఎక్కువ వేడికి అనుకుంటారు. మామూలు క్రాక్‌పాట్‌లో రెండూ చివరికి చేరేది ఒక్క చోటుకే, మరుగుకు కాస్త కింద, 98 డిగ్రీల దరిదాపులకు. హైలో మూడు నాలుగు గంటల్లో చేరుతుంది, లోలో ఏడెనిమిది గంటలు పడుతుంది. అంటే లోలో పెట్టి మర్చిపోయిన మీట్‌లోఫ్ ఏదో మెత్తటి వేడిలో పడుకుని ఉండదు. నడిమధ్య 71 డిగ్రీలకు చేరగానే దింపాల్సింది 80, 90 మీదుగా పైకి పోతూనే ఉంటుంది. ‘లోలో 8 గంటలు’ అని రాసిన వంటవిధానాన్ని నమ్మి వండితే ముక్క కోయగానే పొడిపొడిగా రాలిపోయేది అందుకే. పాత కుక్కర్ల కంటే ఇప్పటివి వేడిగా నడుస్తాయని చాలామంది వంటవాళ్లు అంటారు. 1970ల పుస్తకంలోని సమయాలను ఈనాటి పాత్రకు పెట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. తమ కుక్కర్ సంగతి తేల్చుకోవాలంటే సులువైన పరీక్ష ఉంది. రెండు లీటర్ల నీళ్లు పోసి 8 గంటలు లోలో ఉంచి, మూత తీసిన వెంటనే కొలవాలి. 85 నుంచి 93 డిగ్రీల మధ్య ఉంటే మంచిదే. అంతకు తగ్గితే ఆ పాత్రలో మాంసం వండకూడదు. పెరిగితే సమయాలు కుదించుకోవాలి.

కుక్కర్ పక్షం వాళ్లు తేలిగ్గా దాటేసే విషయం భద్రత. ముక్క మాంసానికి క్రిములుంటే ఎక్కువగా పైపొరమీదే ఉంటాయి, పైన సెగ తగిలితే చస్తాయి. కీమా కొట్టినప్పుడు ఆ పైపొర లోపలికి కలిసిపోతుంది. 1993లో అమెరికాలో జాక్ ఇన్ ది బాక్స్ హోటళ్లలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఇ. కోలై ఓ157:హెచ్7 అనే క్రిమి చేసిన పని అది. మరుసటేడు అక్కడి వ్యవసాయ శాఖ ఎద్దు కీమాలో ఆ క్రిమి ఉంటే కల్తీ కిందే లెక్క అని తేల్చింది. ఆ శాఖ లెక్క ప్రకారం ఎద్దు, పంది, మేక, గొర్రె కీమా అయితే దిమ్మ నడిమధ్య 71 డిగ్రీలు, అంటే 160 ఫారెన్‌హీట్, తగలాలి. కోడి, టర్కీ కీమా అయితే 74. 4 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు చురుగ్గా పెరుగుతాయి కాబట్టి మాంసం ఆ మెట్లను వీలైనంత తొందరగా దాటాలి. స్లో కుక్కర్‌కు చేతకాని పని సరిగ్గా అదే. అందుకే గడ్డకట్టిన కీమా వేయకూడదు. మొదటి గంట హైలోనే ఉంచాలి. రాత్రే కలిపి, పింగాణీ గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున అదే చల్లటి గిన్నెను కుక్కర్‌లో దించడం తెలివిగా కనిపిస్తుంది గానీ, గిన్నె వేడెక్కడానికే బోలెడు సేపు పోతుంది.

రంగు చూసి ఉడికిందని చెప్పడానికి లేదు. ఉల్లిపాయలోనూ సెలరీలోనూ ఉండే నైట్రైట్ల వల్ల పూర్తిగా ఉడికిన దిమ్మ కూడా లోపల గులాబి రంగులో ఉండొచ్చు. ఉడకని కీమా ముందే గోధుమ రంగుకు తిరగనూవచ్చు. థర్మామీటరు లేకుండా ఈ వంట జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందని తెలిస్తే, ఎంతసేపు పోయిందో తెలియదు కనుక పారబోయడమే. ఇంట్లోనే ఉంటే వెంటనే తీసి స్టవ్ మీదో ఓవెన్‌లోనో ముగించాలి. మాటల్లో మాట, గింజలు ఉడకబెట్టడానికే పుట్టిన ఈ పాత్రలో రాజ్మా మాత్రం నేరుగా వేయకూడదు. పచ్చి రాజ్మాలోని విషపదార్థం గట్టిగా మరిగితేనే పోతుంది. ముందు విడిగా మరిగించి తర్వాతే కుక్కర్‌లో వేయాలి.

ఇక పెచ్చు తగాదా. మాంసం ఎర్రగా కాలి కమ్మటి వాసన రావాలంటే పైభాగం ఆరి, 140 డిగ్రీలకు అటూ ఇటూ వేడెక్కాలి. మూతపెట్టిన స్లో కుక్కర్‌లో ఆవిరికి దారి లేదు. గాజు మూతకు పట్టిన చెమట బొట్లుబొట్లుగా దిమ్మ మీదికే రాలుతుంది. రెండున్నర గంటల తర్వాత మూత తీసి చూస్తే కంటికి ఇంపుగా ఏమీ ఉండదు. బూడిద రంగు దిమ్మ, చుట్టూ మడుగు కట్టిన లేత గోధుమ రంగు రసం, దానిమీద పసుప్పచ్చటి నూనె పొర, అంచుల్లో తెల్లటి నురుగు గడ్డలు. మొదట్లోనే కెచప్ పూసి ఉంటే అది పలుచబడి పక్కలకు జారిపోయి ఉంటుంది. ఓవెన్ పక్షం వాళ్ల ఎగతాళి అంతా ఈ దృశ్యం మీదే.

కానీ ఆవిరి మీద ఉడికిన మీట్‌లోఫ్ తక్కువ జాతిదనే మాట నేను ఒప్పుకోను. ఫిలిప్పీన్స్‌లో ఎంబుటిడో అని పంది కీమా దిమ్మ చేస్తారు. మధ్యలో ఉడికిన గుడ్లూ సాసేజీలూ పెట్టి ఫాయిల్‌లో చుట్టి ఆవిరి మీదే ఉడికిస్తారు. పండగలకు చేసే వంట అది. వియత్నాంలో నూకల అన్నంతో తినే చా ట్రుంగ్ కూడా గుడ్డూ కీమా కలిపి ఆవిరిలో ఉడికించిందే. ఆ వంటల్లో పెచ్చు లేదని ఎవరూ బాధపడరు, ఎందుకంటే అవి పెచ్చును నమ్ముకుని పుట్టలేదు. రుచంతా ముద్దలోనే కలిపి ఉంటుంది. స్లో కుక్కర్ మీట్‌లోఫ్ వండేవాళ్లు ఓవెన్ దాన్ని అనుకరించబోయి చెడిపోతున్నారు. ఈ ఎంబుటిడో బాటన నడిస్తే సగం ఫిర్యాదులుండవు.

మిగతా సగానికి చేతిపని చాలు. తొమ్మిది వందల గ్రాముల కీమా లెక్కన చెబుతాను. కొవ్వు నూటికి 15 పాళ్లకు మించకుండా చూసుకోవాలి. ఓవెన్ దిమ్మకు 20 పాళ్లు బాగుంటుంది గానీ ఇక్కడ కరిగిన కొవ్వుకు పోయే దారి లేదు, దిమ్మ అందులోనే నానుతుంది. రెండు ముక్కల బ్రెడ్డు అరకప్పు పాలలో నానబెట్టి మెదపాలి. ఉల్లిపాయను తప్పనిసరిగా ముందే నూనెలో మగ్గించాలి. స్లో కుక్కర్‌లో పచ్చి ఉల్లిపాయ పచ్చిగానే ఉండిపోయి ఘాటు వదులుతుంది. కీమాలో ఉప్పువేసి గట్టిగా పిసికితే మైయోసిన్ బయటికొచ్చి సాసేజీలా సాగుతుంది. సాగడం ఇష్టమైతే పిసకండి, లేదంటే వేళ్లతో పైపైన కలిపి ఆపేయండి.

దిమ్మ ఎత్తు 6 సెంటీమీటర్లు దాటకూడదు. గిన్నె గోడకు తగలకుండా చుట్టూ వేలెడు ఖాళీ ఉండాలి, ఎందుకంటే చాలా కుక్కర్లలో సెగ పక్కల నుంచి వస్తుంది, తగిలిన చోట మాడుతుంది. అడుగున రెండు వెడల్పాటి ఫాయిల్ పట్టీలు అడ్డంగా నిలువుగా వేసి కొసలు పైకి వదిలితే, ఉడికాక దిమ్మ విరక్కుండా పైకి లేస్తుంది. పట్టీల మీద బంగాళాదుంప చక్రాలు పరిచి వాటిమీద దిమ్మ పెడితే కొవ్వులో మునగదు. ఆ చక్రాలు మాత్రం మాంసమంత తొందరగా ఉడకవు, పల్చగా కోయాలి. మూత కింద శుభ్రమైన గుడ్డ బిగిస్తే చెమట దానికే పడుతుంది. మూత ఎత్తిన ప్రతిసారీ పావుగంట నుంచి అరగంట వంట వెనకబడుతుంది కాబట్టి తీగ ఉన్న థర్మామీటరు అయితే సుఖం. హైలో రెండున్నర గంటలకు చూడటం మొదలుపెట్టాలి. మూడున్నరకు దాదాపు అయిపోతుంది. దింపి, పళ్లెంలోకి మార్చి, అప్పుడు కెచప్ పూత పూసి, ఓవెన్ పైసెగ కింద మూడు నాలుగు నిమిషాలు ఉంచితే పూత బుడగలు కట్టి అంచుల్లో నల్లబడుతుంది. పింగాణీ గిన్నెను మాత్రం ఆ సెగ కింద పెట్టొద్దు, పగిలే ప్రమాదం ఉంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో ఎద్దు మాంసం తిననివాళ్లు చాలామంది. వాళ్లు హలాల్ కొట్లో మేక కీమాతోనో, సూపర్ మార్కెట్లో దొరికే టర్కీ కీమాతోనో చేసుకోవచ్చు. టర్కీలో కొవ్వు తక్కువ కాబట్టి బ్రెడ్డు, పాలు కాస్త పెంచాలి. కీమా ఉండలకు మనం వేసే పుట్నాల పొడి ఇక్కడా పట్టు ఇస్తుంది గానీ నీటిని బాగా పీల్చేస్తుంది. ఒంటరిగా వేస్తే దిమ్మ బిర్రుగా వస్తుంది, రెండు చెంచాల పెరుగు కలపాలి. అసలు జాగ్రత్త అల్లం వెల్లుల్లి ముద్ద దగ్గర. స్లో కుక్కర్‌లో ఏదీ వేగదు. పచ్చి ముద్ద కలిపేస్తే పచ్చి వాసన చివరిదాకా ఉండిపోతుంది. ఉల్లిపాయతో పాటే దాన్నీ, గరం మసాలానూ నూనెలో వేయించి చల్లార్చి కలపాలి. కొత్తిమీర, పుదీనా దించాకే. నర్గిసీ కోఫ్తా గుర్తొచ్చి మధ్యలో ఉడికిన గుడ్డు పెట్టాలనిపిస్తే పెట్టొచ్చు, సొన చుట్టూ ఆకుపచ్చటి వలయం వస్తే కంగారు పడకండి, ఎక్కువసేపు వేడి తగిలిన గుడ్డుకు అది మామూలే.

నన్నడిగితే మన ఇళ్లలో ఆ పాత్రకు తగిన వంట హలీం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంను బట్టీల మీద 12 గంటల దాకా ఉడికిస్తారు. ముదురు మాంసం, గోధుమ, పప్పులు, అన్నీ నిదానం కోరేవే. లోలో రాత్రంతా పెట్టి పడుకున్నా చెడదు, ఇంకాస్త మెత్తబడుతుంది. అమెరికా నుంచి తిరిగొస్తూ ఆ కుక్కర్‌ను సామానులో సర్దుకునేవాళ్లకు ఒక మాట: అది 120 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో మీట్‌లోఫ్ సంగతి ఎక్కువ చెప్పను. 120 డిగ్రీల ఆవిరిలో అరగంటలో అవుతుంది, రసం మాత్రం ఎక్కువే కోల్పోతుంది.

కోసే ముందు దిమ్మను పది పదిహేను నిమిషాలు వదిలేయాలి, వేడి మీద కోస్తే విరుగుతుంది. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. మర్నాడు దాన్ని మళ్లీ స్లో కుక్కర్‌లో వెచ్చబెట్టకూడదు. చల్లగా ఉన్నప్పుడే ముక్కలు కోసి, పెనం మీద చెంచాడు నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చుకుని రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టుకుంటే, పెచ్చు లేదన్నవాళ్లకు పెచ్చూ దొరుకుతుంది.